పసుపులా నీటికీ ముందస్తు బేరం కుదురుతుందా?

నిజామాబాద్ మార్కెట్ యార్డులో కొత్త పసుపు కుప్పలు పడేసరికి సంక్రాంతి దాటుతుంది. ఆ పసుపు ధర మీద బేరం మాత్రం అంతకు నెలల ముందు నుంచే నడుస్తూ ఉంటుంది. ఎన్‌సీడీఈఎక్స్ అనే ఎక్స్ఛేంజీలో పసుపు ఫ్యూచర్స్ కాంట్రాక్టు, అంటే రాబోయే నెలల పసుపుకు ఈరోజే ధర ఖాయం చేసుకునే ఒప్పందం ఉంది, దానికి డెలివరీ కేంద్రం నిజామాబాదే. పసుపు పొలం ఎన్నడూ చూడని వాళ్లు కూడా కంప్యూటర్ ముందు కూర్చుని ఏప్రిల్ పసుపును కొంటారు, అమ్మేస్తారు. ఇదంతా జూదం అనేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ అక్కడే ఆగిపోతే ఈ మార్కెట్ చేసే అసలు పని మనకు కనిపించదు.

రైతుకు ధర పడిపోతుందేమోనని టెన్షన్. మసాలా కంపెనీకి ధర పెరుగుతుందేమోనని టెన్షన్. ఒకరి భయానికి ఇంకొకరి భయం సరిగ్గా ఎదురుగా ఉంది కాబట్టి ఇద్దరూ ఈరోజే ఒక ధరకు ఒప్పుకుంటే ఇద్దరికీ నిద్ర పడుతుంది. అయితే రేపు ధర మారాక ఎవరో ఒకరు మాట తప్పవచ్చు. అందుకే మధ్యలో ఎక్స్ఛేంజీ నిలబడుతుంది. కొనేవాడికి అమ్మేది తానే, అమ్మేవాడి దగ్గర కొనేదీ తానే. ఇద్దరి దగ్గరా మార్జిన్ పేరుతో కొంత డబ్బు ముందే కట్టించుకుంటుంది. ధర మారిన ప్రతి రోజూ సాయంత్రానికి లాభనష్టాల లెక్క తేల్చి, ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి డబ్బు మారుస్తుంది. బాకీ పేరుకుపోయే దాకా ఆగదు. జూదగాళ్లు అని మనం తిట్టేవాళ్లు కూడా ఇందులో అవసరమే. రైతు అమ్మాలనుకున్న రోజునే కంపెనీ కొనడానికి రాదు కదా, ఆ ఖాళీని నింపేది వాళ్లే. వాళ్ల సంఖ్య మితిమీరితే ధర పొలానికీ పంటకూ సంబంధం లేకుండా ఊగుతుంది. 2021 డిసెంబరులో మార్కెట్లను నియంత్రించే సెబీ వడ్లు, గోధుమ, శనగ, ఆవాలు సహా ఏడు సరుకుల ఫ్యూచర్స్‌ను ఆపేసిందంటే వెనక ఉన్నది ధరల భయమే.

ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. జపాన్‌లో ఒసాకా నగరంలోని దోజిమా బియ్యం మార్కెట్‌ను అక్కడి షోగునేట్ (సైనిక పాలకుల) ప్రభుత్వం 1730లోనే గుర్తించింది. అక్కడ ఒక ప్రామాణిక రకం బియ్యాన్ని ఎంచుకుని, దాని పేరు మీద పుస్తకాల్లోనే కొనుగోళ్లు అమ్మకాలు రాసుకునేవారు. బస్తా కదలకుండానే లెక్క తేలిపోయేది. అమెరికాలో చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 1848లో పుట్టింది, 1865 నాటికి ఒకే మూసలో ఉన్న కాంట్రాక్టులు తెచ్చింది.

"ఒకే మూస" అన్నచోట కాసేపు ఆగాలి. పసుపు అంటే సరిపోదు. కొమ్మా, గోళమా? తేమ ఎంత శాతం ఉండొచ్చు? ఎన్ని టన్నులు? ఏ ఊరి గోదాములో, ఏ నెలలో? ఇవన్నీ ముందే రాసిపెట్టుకుంటేనే ముఖం తెలియని ఇద్దరు మనుషులు ఒక సరుకు మీద బేరం ఆడగలరు. నా లెక్కలో ఫ్యూచర్స్ ఎక్స్ఛేంజీ ముందుగా చేసే పని ధర కట్టడం కాదు, పేరు ఖాయం చేయడం. ఈ వస్తువు ఇది, ఇంత, ఇక్కడ, ఇప్పుడు అని గీత గీయడం. ఆ గీత గీయగలిగిన ప్రతిదానికీ మార్కెట్ పెట్టొచ్చు. మరి నీటికి?

నీటికి కూడా పెట్టారు. 2020 డిసెంబరు 7న చికాగోలోని సీఎంఈ ఎక్స్ఛేంజీలో కాలిఫోర్నియా నీటి ఫ్యూచర్స్ మొదలయ్యాయి. ఒక్కో కాంట్రాక్టు 10 ఎకరా-అడుగుల నీటికి. ఎకరా-అడుగు అంటే మన రైతులకు వేరే చెప్పక్కర్లేదు. ఎకరం మడిలో అడుగు లోతు నీళ్లు నిలబెడితే ఎన్ని పడతాయో అన్ని. లీటర్లలో 12 లక్షల పైచిలుకు. మనకు అలవాటైన టీఎంసీలో చెప్పాలంటే, ఒక్క టీఎంసీకి సుమారు 2,300 కాంట్రాక్టులు కావాలి.

అసలు నీటిని కొనడం అమ్మడం ఏమిటని మనకు అనిపిస్తుంది. కాలిఫోర్నియాలో నీటి హక్కులు ఆస్తిలాంటివి. ఈ ఏడు నేను పంట వేయడం లేదు, నా వాటా నీళ్లు నువ్వు వాడుకో, ఇంత ఇవ్వు అని ఒక రైతు ఇంకొక రైతుకు, లేదా ఒక నగరానికి అమ్మొచ్చు. అలా జరిగే అమ్మకాల్లో ఉపరితల నీటివీ, కోర్టులు వాటాలు తేల్చిన నాలుగు భూగర్భ జల క్షేత్రాలవీ ధరలు తీసుకుని, వారానికొకసారి ఒక సగటు కడతారు. అదే నాస్‌డాక్ వెలెస్ నీటి సూచీ. ఫ్యూచర్స్ బేరం ఆ సూచీ మీద.

ఒక బాదం తోట రైతును ఊహించుకోండి. చెట్లు కాబట్టి ఒక ఏడాది నీళ్లు లేవని ఊరుకుంటే కుదరదు, తోటే పోతుంది. ఎండాకాలంలో నీళ్ల ధర మండుతుందని అతని భయం. ఎకరా-అడుగుకు 500 డాలర్లు నడుస్తున్నప్పుడు ఒక కాంట్రాక్టు కొన్నాడనుకుందాం. గడువు నాటికి సూచీ 900కి పోతే, తేడా 400, దానికి పదింతలు, అంటే 4,000 డాలర్లు అతని చేతికొస్తాయి. ఆ డబ్బుతో ఖరీదైన నీళ్లు కొనుక్కుంటాడు. ధర 300కి పడిపోతే 2,000 పోతాయి, కానీ నీళ్లు చవగ్గా దొరుకుతాయి కాబట్టి ఆ నష్టం అక్కడ సర్దుకుంటుంది.

ఇందులో ఎక్కడా ఒక్క చుక్క నీరు చేతులు మారలేదు. నిజామాబాద్ పసుపు కాంట్రాక్టు గడువుకు గోదాములో పసుపు ఉండాలి. ఇక్కడ డెలివరీ అంతా డబ్బే. నీటి కాంట్రాక్టు మొదలైన నాలుగు రోజులకే ఐక్యరాజ్యసమితి నీటి హక్కుల ప్రత్యేక ప్రతినిధి పెద్రో అరోహో-అగుడో దీని మీద తీవ్ర ఆందోళన తెలిపారు. నీరు అందరిదీ, బంగారం, చమురు లాగా దాన్ని సట్టా సరుకు చేయకూడదని ఆయన వాదన. ఆయన బాధతో నేను ఏకీభవిస్తాను. కానీ ఈ కాంట్రాక్టు ఎవరి కుళాయినీ కట్టేయలేదు, వ్యాపారం కూడా పలచగానే సాగింది. నన్ను కలవరపెట్టేది వేరు. కరువులో డబ్బు చేతికొచ్చినా కొనడానికి నీళ్లే లేకపోతే ఆ రైతు ఏం చేస్తాడు? రాష్ట్రం మొత్తం సగటు ధర ఒకటి, తన కాలువలో పలికే ధర ఇంకొకటి అయితే? నీటిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడం పసుపు బస్తాను లారీ ఎక్కించినంత సులువు కాదు. సూచీకి ఒకటే పేరుంది. నీటికి మాత్రం ప్రతి లోయలోనూ ఒక పేరు, ఒక దారి, ఒక హక్కుదారు ఉన్నారు.

ఇంతకీ ఆ ధరను నడిపించేది ఏది? ఎక్కువగా మంచు. కాలిఫోర్నియా నీటి అవసరాల్లో సుమారు 30 శాతం సియెరా నెవాడా కొండల మీద పడే మంచు తీరుస్తుంది. చలికాలంలో పడుతుంది, వేసవిలో కరిగి దిగుతుంది. ఎవరూ కట్టని జలాశయం అది. దాన్ని కొలవడం నేర్పింది జేమ్స్ చర్చ్. నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ వంటి ప్రాచీన భాషలు చెప్పే పంతులు ఆయన. కొండలెక్కడం సరదా. మంచు లోతు కొలిస్తే లాభం లేదు, తేలిక మంచు లోతుగా ఉన్నా నీళ్లు తక్కువే, కాబట్టి తూకం వేయాలి అని గ్రహించాడు. 1900ల తొలి ఏళ్లలో మౌంట్ రోజ్ కొండ మీద ఒక గొట్టాన్ని మంచులోకి దింపి, లోపల చిక్కిన మంచును తూచి, కరిగితే ఎన్ని అంగుళాల నీళ్లవుతుందో లెక్కగట్టాడు. ఇప్పటికీ కాలిఫోర్నియా అధికారులు అలాంటి గొట్టాలతోనే కొండల మీద తిరుగుతారు. ఏప్రిల్ 1 కొలత వాళ్లకు మన ఉగాది పంచాంగం లాంటిది. 2015లో ఆ రోజు సియెరా కొండల్లోని ఫిలిప్స్ స్టేషన్ అనే కొలత చోటు దగ్గర మంచే లేదు, గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎండిన గడ్డి మీద నిలబడి నీటి కోతలు ప్రకటించారు. రాష్ట్రమంతటా సగటులో 5 శాతమే ఉంది. 2023లో అదే తేదీకి సగటుకు రెండింతలు దాటింది. 2022 కరువులో వెయ్యి డాలర్లు దాటిన సూచీ ఆ మంచు తరవాత కిందికి దిగింది.

అంటే నూరేళ్ల కొలతలు, తేల్చిన హక్కులు, కాలువలు, అమ్మకాల రికార్డులు, ఇన్ని ఉంటేనే అంత పలచని మార్కెట్ నిలబడింది. ఇప్పుడు హిమాలయాల వైపు చూద్దాం.

ఉత్తరాఖండ్‌లో దేవప్రయాగ దాటితేనే గంగ అనే పేరు. అంతకు పైన ఎడమ చేతి నది, కుడి చేతి నది వేరు వేరు. భాగీరథి గంగోత్రి హిమానదం (గ్లేసియర్) మూతి దగ్గర, గోముఖ్‌లో పుడుతుంది. అలకనంద సతోపంథ్, భగీరథ్ ఖరక్ అనే హిమానదాల దగ్గర మొదలవుతుంది. దేవప్రయాగ దగ్గర అలకనందలోనే నీళ్లు ఎక్కువ. అయినా గంగ పుట్టుక అనగానే మనం భాగీరథినే తలుస్తాం, ఎందుకంటే పేరును నిర్ణయించింది నీటి కొలత కాదు, కథ. ఇంకా పైకి పోతే నందాదేవి కొండల్లో ఒక నీటి చుక్క రిషిగంగ. రైణీ ఊరి దగ్గర అది ధౌలిగంగలో కలుస్తుంది. విష్ణుప్రయాగలో అలకనంద అవుతుంది. దేవప్రయాగలో గంగ. బంగ్లాదేశ్‌లో పద్మ. సముద్రంలో కలిసేటప్పటికి మేఘన. ఒక్క చుక్కకు ఆరు పేర్లు.

మనకు ఇది మరీ వింత కాదు. తుంగ, భద్ర కలిసి తుంగభద్ర అయినట్టే, హిమాచల్ ప్రదేశ్‌లో తాండీ దగ్గర చంద్ర, భాగ కలిసి చంద్రభాగ అవుతుంది. జమ్మూలోకి వెళ్లాక దానిదే చీనాబ్ అన్న పేరు. ఈ పేరు మార్పు ఎంత పెద్ద విషయమో 1960 సింధు జలాల ఒప్పందం చూస్తే తెలుస్తుంది. ఆ ఒప్పందం నీటిని కొలతగా పంచలేదు, నదుల పేర్లతో పంచింది. రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు, సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్తాన్‌కు. పేర్లతో పంచుకున్నారు కాబట్టి ఆ పేర్ల హద్దులు చెప్పాల్సి వచ్చింది. ప్రతి నదీ తన ఉపనదులన్నిటితో సహా లెక్క. ఈ ఆరింటిలో ఏదీ ఇంకొకదానికి ఉపనది కాదు. పంజ్‌నద్‌ను చీనాబ్‌లో భాగంగా చూడాలి. చంద్ర, భాగ అనే నదులు చీనాబ్‌కు ఉపనదులే. ఇదంతా మొదటి అధికరణంలోనే రాసుకున్నారు. రాయకపోతే, చంద్రకు చీనాబ్ అన్న పేరు లేదు కదా అని రేపు ఎవరైనా అడగొచ్చు. పసుపు కాంట్రాక్టులో కొమ్మా గోళమా అని రాసుకున్నట్టే ఇది. 2025 ఏప్రిల్‌లో భారత్ ఈ ఒప్పందాన్ని నిలిపి ఉంచింది, గొడవ ఇంకా నడుస్తోంది.

పేరు మారినా అది ఒకే నది అని నిరూపించడానికే ప్రాణాలు పణంగా పెట్టిన మనిషి ఒకరున్నారు. టిబెట్‌లో పడమటి నుంచి తూర్పుకు పారే యార్లుంగ్ త్సాంగ్‌పో కొండల్లోకి దిగి కనపడకుండా పోతుంది. అదే అరుణాచల్‌లో సియాంగ్‌గా, అస్సాంలో బ్రహ్మపుత్రగా బయటికొస్తుందా అన్నది పంతొమ్మిదో శతాబ్దపు పెద్ద ప్రశ్న. 1880లో కింథుప్ అనే సిక్కిం దర్జీని బ్రిటిష్ సర్వే అధికారులు ఒక లామాకు తోడుగా ఇచ్చి పంపారు. చదువు రాదు. గుర్తులు వేసిన 500 దుంగలను త్సాంగ్‌పోలో వదలాలి, కింద అస్సాంలో వాటి కోసం మనుషులు చూస్తుంటారు. దారిలో లామా అతన్ని బానిసగా అమ్మేసి వెళ్లిపోయాడు. తప్పించుకుని, ఒక మఠంలో ఆశ్రయం పొంది, అక్కడ పని చేస్తూనే సెలవులు అడిగి దుంగలు కొట్టుకుని దాచాడు. ఏ రోజుల్లో వదులుతాడో చెబుతూ డార్జిలింగ్‌కు ఉత్తరం రాయించి పంపాడు. రోజుకు 50 చొప్పున పది రోజులు వదిలాడు. ఆ ఉత్తరం సమయానికి చేరలేదు, దాన్ని అందుకోవాల్సిన అధికారి అప్పటికే దేశం విడిచి వెళ్లాడు. దుంగలు ఎవరూ చూడకుండా సముద్రంలోకి పోయాయి. నాలుగేళ్లకు తిరిగొచ్చిన అతని మాటను చాలామంది నమ్మలేదు. 1913లో బ్రిటిష్ అధికారులు బెయిలీ, మోర్స్‌హెడ్ వెళ్లి చూశాకే అతని మాట చాలావరకు నిజమని తేలింది.

కొండ ప్రజలు పెట్టుకున్న పేర్లలో ఒక శాస్త్రం కూడా ఉంది. ధౌలి అంటే తెల్లనిది. కుమావూలో మిలం హిమానదం నుంచి వచ్చేది గోరీ, అదీ తెలుపే. నేపాల్‌లో ఎవరెస్టు కిందుగా పారేది దూధ్ కోసీ, పాల నది. హిమానదం కదులుతూ కింది రాతిని పిండిలా నూరుతుంది, ఆ పిండి కలిసిన నీరు పాలలా కనిపిస్తుంది. అంటే ఆ నీళ్ల రంగు చూసి ఇవి మంచు కొండ నుంచి వచ్చేవని వాళ్లు ఎప్పుడో పేరులోనే రాసిపెట్టుకున్నారు. హిమానదాన్ని కూడా గఢ్వాల్‌లో బమక్ అంటారు, కుమావూలో గల్, లాహౌల్‌లో శిగ్రీ. సియాచిన్ అంటే బాల్టీ భాషలో గులాబీలు విరివిగా ఉండే చోటు. మన వార్తల్లో సైనికుల చావులతో కలిపి వినే పేరు అది.

ఇక్కడ నీటి ఫ్యూచర్స్ పెట్టలేకపోవడానికి చట్టపరమైన కారణాలు సూటిగానే ఉన్నాయి. మన రాజ్యాంగంలో నీరు రాష్ట్రాల జాబితాలో ఉంది, రాష్ట్రాల మధ్య పారే నదులు కేంద్రం జాబితాలో, అమ్ముకోదగిన నీటి హక్కులు కాలిఫోర్నియాలో మాదిరిగా లేవు. కానీ చట్టం మార్చినా పోని చిక్కు ఒకటి ఉంది. అది కాలం.

హిమానదాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకోండి. ప్రతి ఏడూ పైన కొంత మంచు జమ అవుతుంది, వేసవిలో కింద కొంత కరుగుతుంది. జమ, ఖర్చు సమానంగా ఉన్నంత కాలం మనం తినేది వడ్డీ. ఎండలు పెరిగితే అసలే కరగడం మొదలవుతుంది. అప్పుడు నదిలో నీళ్లు తగ్గవు, కొన్నేళ్లు పెరుగుతాయి. ఆ పెరుగుదల ఒక గరిష్ఠానికి చేరి, ఆ తరవాత ఏటేటా పడిపోతుంది. కాఠ్మండూలో ఉండి కొండ ప్రాంతాలను అధ్యయనం చేసే ఇసిమోడ్ సంస్థ 2023 నివేదిక ప్రకారం హిందూకుష్ హిమాలయాల్లో 2011-20 దశాబ్దంలో హిమానదాలు అంతకు ముందు దశాబ్దం కన్నా 65 శాతం వేగంగా తరిగాయి. ఉద్గారాలు ఇలాగే పోతే ఈ శతాబ్దం చివరికి 80 శాతం దాకా పోవచ్చు.

ఇప్పుడు ఈ నదికి ఫ్యూచర్స్ మార్కెట్ ఉందనుకుందాం. కాంట్రాక్టుల గడువు నెలల్లో, మహా అయితే కొన్నేళ్లలో ఉంటుంది. ఆ చూపుతో చూస్తే, అసలు కరిగి నీళ్లు ఎక్కువగా దిగే ఏడాది మార్కెట్‌కు సమృద్ధిగా కనిపిస్తుంది. ధర పడిపోతుంది. బ్యాంకు ఖాళీ అవుతుంటే చేతినిండా డబ్బు ఉందని చవగ్గా ఖర్చు పెట్టినట్టు. మార్కెట్ చెప్పే ధర అబద్ధం కాదు, అది చూడగలిగినంత దూరానికి అది నిజమే. హిమానదం లెక్క మాత్రం తరాల్లో నడుస్తుంది. ఈ రెండు గడియారాలు కలవవని గుర్తుపెట్టుకోకుండా, నీటికి సరైన ధర కడితే చాలు అన్నీ చక్కబడతాయి అనే మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

నీళ్లు ఎప్పుడు దిగుతాయన్నది కూడా కొండ ఎవరికీ మాటివ్వదు. 2021 ఫిబ్రవరి 7న రోంటి శిఖరం నుంచి రాయి, మంచు కలిసి విరిగిపడి రిషిగంగ, ధౌలిగంగ లోయలను ఊడ్చేసింది, రెండు వందల మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. వాళ్లలో ఎక్కువమంది జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో పని చేసే కూలీలు. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ లొనాక్ హిమ సరస్సు తెగి తీస్తా మీద చుంగ్‌థాంగ్ దగ్గరి డ్యామ్ కొట్టుకుపోయింది. అక్కడ ఇప్పుడు ముందుగా కావాల్సింది చర్చ్ పంతులు గొట్టం లాంటి కొలతలు, సరస్సుల దగ్గర హెచ్చరిక సైరన్లు, పల్లెలకు నడిచి చేరే మనుషులు.

లద్దాఖ్ పల్లెల్లో ఈ కాలం చిక్కును మార్కెట్ లేకుండానే ఎదుర్కొన్నారు. అక్కడ విత్తనం వేయాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. పైనున్న అసలు హిమానదం నీళ్లు జూన్‌లో గానీ దిగవు. లేహ్‌కు చెందిన చెవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజినీరు, చలికాలంలో వృథాగా పారే నీటిని నీడ ఉన్న వాలుల్లోకి మళ్లించి, రాతి అడ్డుకట్టల వెనక పొరలు పొరలుగా గడ్డకట్టించాడు. ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ మంచు ముందే కరుగుతుంది, విత్తే వేళకు మడిలో నీళ్లుంటాయి. 1987లో ఫుక్త్సే ఊరిలో కట్టింది మొదటిది. 2015లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఆ నీళ్లను పంచడానికి ఊరు ఒక మనిషిని ఎన్నుకుంటుంది. చుర్‌పోన్ అంటారు. ఎవరి మడికి ఏ రోజు, ఎంతసేపు, ఏ తూము తీయాలో అతనే చెబుతాడు. మన తెలంగాణ ఊళ్లలో చెరువు కింద నీరడి చేసేది కూడా ఇదే పని. కాంట్రాక్టులో రాసే నాలుగు మాటలు, ఏది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు, చుర్‌పోన్ నోట్లోనూ అవే ఉంటాయి. అయితే అతను చెప్పిన రోజున మడిలోకి దిగేది నీళ్లే.